సోమవారం చుక్క

మా ఆయన పోయి రెండేళ్లయింది. ఆయన నాలుకకు మాత్రం రోజూ వేరే ఆడమనిషి తినిపిస్తోంది.

ఈ సంగతి నాకు తెలియనిదేమీ కాదు. ఒప్పుదల కాగితం మీద రెండుసార్లు సంతకం పెట్టింది నేనే. కాకపోతే ఆ కాగితం ఏడాదికోసారి ఇంటికి వచ్చేది, గడప దగ్గరే సంతకం పెట్టి పంపేదాన్ని. ఈ ఏడు డాక్టరమ్మే ఫోను చేసింది. "మౌలాబీ గారూ, ఒకసారి మీరే రండి. ఈసారి కాగితంలో కొత్త మాట ఒకటి ఉంది. ఎదురుగా చెప్పాలి" అంది.

ల్యాబు గుంటూరు ఆటోనగర్‌లో, ట్రాక్టరు సామాన్ల గోడౌను మీది అంతస్తులో ఉంది. కిందంతా ఇనుము మోత. పైన చెప్పులు విప్పి, మోచేతుల దాకా కడుక్కుని, నీలం టోపీ పెట్టుకుంటే తప్ప లోపలికి రానివ్వరు. బలానికి వాడే పొడులు, విటమిన్ మాత్రలు, వాటిలో కలిపే, ఎముకల నుంచి తీసే జెలటిన్లు, కొవ్వులు, రంగులు ఇక్కడికి వస్తాయి. అవి హలాలో కాదో తేల్చి, సరైనవైతే డబ్బా మీద ఆకుపచ్చ హలాల్ గుర్తు వేసుకోమని కంపెనీలకు రాసిస్తారు.

డాక్టర్ హైమవతికి నలభై దాటినట్టు లేదు. నుదుట చిన్న బొట్టు, మెడలో సన్న గొలుసు. కోడిగుడ్డు కూడా ముట్టదని మా ఆయనే చెప్పేవాడు. ఆమె వెచ్చటి పెట్టె తలుపు తీసి ఒక గాజుపళ్లెం బయటికి తెచ్చింది. అందులో పాల మీద మీగడలాగా పల్చని పొర ఒకటి ఉంది. లేత గులాబీ రంగు.

"ఇదేనండీ" అంది.

ముప్పై నాలుగేళ్లు నా కూరల్లో ఉప్పుకీ పులుపుకీ తీర్పు చెప్పిన నాలుక ఇదా అని వంగి చూశాను. అది కదల్లేదు. ఆమె నాకంటే దగ్గరగా వంగి, గాజుగొట్టంలో చుక్క తీసుకుని, మా ఆయన్ని పేరుపెట్టి పిలిచి, "మీరా గారూ, ఇవాళ ఇది మొదటిది. జింకు మాత్ర మీది పూత. చూడండి" అని ఆ పొర మీద ఒక మూల వదిలింది. ఇద్దరం ఊపిరి బిగబట్టాం. రంగు మారలేదు.

"మారకపోతే మంచిదండీ. పంది అయితే నీలం వస్తుంది. ఏ జంతువుదో, ఎట్లా కోసిందో తెలియనిదైతే పసుపు. మీరా గారి నాలుకకు తెలిసిన తేడాలకు మేం రంగులు కట్టామంతే" అంది.

"దీంతో మాట్లాడతారా మీరు?"

ఆమె సిగ్గుపడ్డట్టు నవ్వింది. "అలవాటైపోయిందండీ. మూడేళ్ల నుంచి ఒకే గదిలో ఉంటున్నాం కదా."

ఒకే గదిలో.

"ఏం పెట్టి బతికిస్తున్నారు?"

"పెసరకట్టు. ఇట్లాంటివాటిని పెంచడానికి అందరూ దూడ నెత్తుటి నీరు వాడతారు. నెత్తురు కుదరదని మీరా గారే పట్టుబట్టారు. అందుకని పెసలు నానబెట్టి, ఉడికించి, వడగట్టి, ఉప్పులు కలిపి రోజూ నేనే కాస్తాను."

ఆయనకు పెసరపప్పు గిట్టదు. జ్వరంలో కూడా పెసరకట్టు ముట్టేవాడు కాదు. "నన్నేమన్నా బాలింతను చేస్తున్నావా?" అని గిన్నె పక్కకు నెట్టేవాడు. ఈవిడ చేతిలో మూడేళ్లుగా అదే తాగి పెరుగుతున్నాడు!

కాగితంలో కొత్త మాట ఏమిటంటే, పొరను ముక్కలు చేసి ఇంకో ఏడు ఊళ్లలో ల్యాబులకు పంపాలట. నేను సంతకం పెడితే పంపుతారు. నెలాఖరులోగా పెట్టకపోతే ఇక్కడిది కూడా ఆపేసి, తెల్లగుడ్డలో చుట్టి నాకు ఇచ్చేస్తారు. పూడ్చుకోవచ్చు.

"ఏడు ఊళ్లలో ఏడుగురు ఆడవాళ్లా?" అన్నాను.

"మగవాళ్లు కూడా ఉంటారండీ" అంది, నవ్వు ఆపుకుంటూ.

నాకు నవ్వు రాలేదు. ఆలోచించుకుంటానని చెప్పి వచ్చేశాను.

*

మా ఆయన పేరు నాగుల్ మీరా. మేము దూదేకులవాళ్లం. దూది పని పడిపోయాక మా మామ ఆయన్ని పద్నాలుగో ఏట ఎముకల మిల్లులో పెట్టాడు. పశువుల ఎముకలు ఎండేసి, పొడికొట్టి, బంక కాచే చోటు అది. పదేళ్లు ఆ కంపులో పనిచేసేసరికి, కళ్లు మూసుకుని ఏ ఎముక ఏ జంతువుదో చెప్పేవాడు. మసీదు కమిటీవాళ్లు ఒకసారి మాత్రల కంపెనీని చూడడానికి పోతూ ఆయన్ని వెంట తీసుకుపోయారు. అప్పటినుంచి అదే ఉద్యోగమైంది.

పొడిని గోరువెచ్చటి నీళ్లలో కలిపి, మూతపెట్టి, తీసి వాసన చూసేవాడు. పంది అయితే మొహం పక్కకు తిప్పుకుని "ఇది మనది కాదు" అనేవాడు. నాలుకకు తగలకపోయినా మూడుసార్లు పుక్కిలించేవాడు. వాసనకు నిలిచినదాన్నే నాలుక చివర పెట్టుకుని ఆవా, గేదా, చేపా అని చెప్పేవాడు.

గురువారాలు సంచి పట్టుకుని ఊళ్ల మీద పడేవాడు. కంపెనీ పంపిన డబ్బాను ల్యాబులో చూశాక కూడా, అదే పేరున్న డబ్బాను ఏ బాపట్లలోనో చీరాలలోనో దుకాణంలో కొనుక్కొచ్చి, వంటింట్లో పీట వేసుకుని మళ్లీ చూసేవాడు.

"ఒకసారి చూశావుగా, మళ్లీ ఎందుకు?" అంటే నవ్వేవాడు.

"వాళ్లు పంపేది పెళ్లిచూపుల్లో కూచున్న పిల్ల. దుకాణంలో ఉండేది కాపురానికొచ్చిన పిల్ల. రెండూ చూడాలి."

"అంటే నేను మారానా?"

"నిన్ను పెళ్లిచూపుల్లో ఎవడు చూడనిచ్చాడు? మా అక్కే చూసొచ్చింది" అనేవాడు.

తర్వాత నోట్లో పుండు లేచింది. మానలేదు. ఆపరేషన్ చేసి నాలుక సగానికి పైగా తీసేశారు. తీసినదాంట్లో బాగున్న వైపు నుంచి కందిగింజంత ముక్క ఈ హైమవతి తీసుకుపోయింది. ఆయన ఒప్పుకుని రాసిచ్చాడట. అప్పుడు నేను మందుల దుకాణం వరసలో నిలబడి ఉన్నాను.

ఆపరేషన్ అయ్యాక పదకొండు నెలలు బతికాడు. మాటా లేదు, రుచీ లేదు. పూటపూటా రాగిజావ కాచి, బెల్లం వేసి, బలానికని దుకాణంలో అమ్మే బలసిరి పొడి రెండు చెంచాలు కలిపి పట్టేదాన్ని. ఆ బలసిరి డబ్బా మీద ఆకుపచ్చ గుర్తు ఉండేది. పొర పెరిగాక మొదట తేల్చిన డబ్బాల్లో అదొకటి. "నీ నాలుకే చూసి పంపింది, తాగు" అని నవ్వించేదాన్ని. తాగాక "ఎట్టా ఉంది?" అని అడిగితే అరచెయ్యి గాలిలో ఊపేవాడు. ఏమీ తెలియడం లేదని.

నేను ల్యాబుకు పోయొచ్చిన మర్నాడు మా ఆడబిడ్డ ఖాసింబీ వచ్చింది. ఆయనకు అక్క. చెప్పులు విప్పకముందే మొదలుపెట్టింది.

"ఏందే మౌలాబీ, మా తమ్ముణ్ణి ముప్పాతిక పూడ్చి, పాతిక అద్దెకిచ్చావంట?"

"అద్దె ఏంది వదినా? నాకెవరూ ఏమీ ఇవ్వలా."

"అయితే ఉత్తినే ఇచ్చావు. ఇంకా బాగుంది. ఆ పిల్ల ఎట్టా ఉంటదే?"

"ఎట్టా ఉంటే మనకెందుకు?"

"నీ మొహమే చెప్తంది ఎట్టా ఉంటదో" అని కూర్చుంది. "అసలు మా వాడు ఒప్పుకున్నాడా? ఆ కాగితం నువ్వు కళ్లతో చూశావా?"

చూడలేదు. ఆయన రాసిచ్చిన రోజున నాకు అంకెలు తప్ప అక్షరాలు రావు. నాలుగు నాలుగు ఒకటి అంటే జెలటిన్, నాలుగు ఏడు ఒకటి అంటే కొవ్వు అని డబ్బాల వెనక అంకెలు మాత్రం ఆయన నేర్పాడు. ఆయన పోయాక, అవే డబ్బాలు ముందేసుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను. ఇప్పుడైతే చదవగలను.

*

సోమవారం పొద్దున పదింటికి ఆ కాగితం చూడాలని వెళ్లాను. డాక్టరమ్మ గాజుతలుపు అవతల ఉంది. పిలవకుండా నిలబడి చూశాను. ఆమె చేతిలో ఎర్రమూత సీసా ఉంది. అందులోంచి ఒక చుక్క తీసి పొర మీద వదిలింది. చూస్తుండగానే ఆ మూలంతా నీలమైపోయింది. సిరా ఒలికినట్టు. ఆమె తల ఊపి ఏదో రాసుకుంది.

తలుపు తోసుకుని పోయాను. "ఏంటది?"

ఆమె ఉలిక్కిపడింది. సీసాకు మూతపెట్టి, గుడ్డతో తుడిచి, పక్కన పెట్టి, అప్పుడు అంది: "సోమవారం చుక్కండీ. పొరకు పంది ఇంకా గుర్తుందో లేదో ప్రతి వారం చూడాలి. అందుకని మొదట తెలిసిన పందిదే ఒక చుక్క వేస్తాం. నీలం వస్తేనే ఆ వారం పని మొదలు. రాకపోతే ఆ పొర మాట నమ్మడానికి లేదు."

"ప్రతి వారమా?"

"ప్రతి వారం."

"మూడేళ్ల నుంచా?"

ఆమె రాసుకున్న పుస్తకం మూసింది.

నా నోట్లోంచి మీరులూ గారులూ పోయాయి. "కోడిగుడ్డు ముట్టవే నువ్వు! నీ నోరు మాత్రం శుభ్రంగా ఉండాలి. నా మొగుడి నోట్లో మాత్రం పందిని పెడతావా? బతికుండగా వాసన తగిలితే మూడుసార్లు పుక్కిలించిన మనిషి! ఎవరు చెప్పారు నీకు పెట్టమని?"

ఆమె బీరువా తీసి ఒక కాగితం నా చేతిలో పెట్టింది. ఆయన రాతే. వంకర అక్షరాలు. కూడబలుక్కుని చదివాను.

"దీనికి తెలియడానికి ఏది పెట్టాల్సి వస్తే అది పెట్టండి. బాధ్యత నాది. ఇంట్లో చెప్పొద్దు."

మళ్లీ చదివాను. పంది అంత బాధపెట్టలేదు. చివరి రెండు మాటలు బాధపెట్టాయి. ఇంట్లో అంటే ఎవరు? పిల్లలు లేని ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే.

"ఎందుకు చెప్పొద్దన్నాడు?"

"మీరు తట్టుకోలేరని అన్నారు."

"నోరు లేని మనిషి మీతో ఎట్టా అన్నాడు?"

"రాసి చూపించేవారండీ. ఆసుపత్రిలో, తర్వాత నేను చూడడానికి వచ్చినప్పుడల్లా."

వచ్చినప్పుడల్లా నేను టీ పెట్టడానికి వంటింట్లోకి పోయేదాన్ని. ఆయన రాసిన ముక్కలన్నీ ఆమె దగ్గర ఫైల్లో ఉన్నాయట. కావాలంటే చూడండి అని తీయబోయింది. వద్దన్నాను. నాకు పదకొండు నెలలూ అరచేతి సైగలు. ఆమెకు మాటలు. ఎవరికి అక్షరాలు వస్తే వాళ్లకే కదా మాటలు!

"నెలాఖరు దాకా ఎందుకు? శుక్రవారం నమాజు అయ్యాక వస్తాను. తెల్లగుడ్డ నేనే తెచ్చుకుంటాను. మా ఆయన్ని మాకు ఇచ్చేయండి" అన్నాను.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటిని చూసి నాకు ఇంకా మండింది. నా మొగుడికి నేను ఏడవాలి గానీ నువ్వెవరు?

*

శుక్రవారం పొద్దున తెల్లగుడ్డ మడతపెడుతుంటే ఒక ఆలోచన వచ్చింది. పదకొండు నెలలు నా చేతి జావ రుచి తెలియకుండానే తాగాడు. రుచి తెలిసే నాలుక అప్పుడు ఆ గాజుపళ్లెంలో ఉంది. పూడ్చేముందు ఒక్కసారి ఆ జావ దానికి తగలాలి. ఒక్కసారి నా చేతిది తిని పోవాలి. పెసరకట్టు తాగి పోకూడదు.

రాగిజావ కాచి, బెల్లం వేసి, ఫ్లాస్కులో పోశాను. బలసిరి ముందే కలిపితే ఉండకడుతుంది. అందుకని ఆయనకు కలపగా మిగిలిన డబ్బా, చెంచా, గిన్నె సంచిలో పెట్టుకున్నాను.

డాక్టరమ్మ అన్నీ సిద్ధం చేసి కూర్చుంది. మొహం పీక్కుపోయి ఉంది. నేను అడిగింది విని, "వేయండి. అది మీ హక్కు" అంది. గాజుగొట్టం ఎట్లా పట్టుకోవాలో చూపించబోయింది. "నాకు తెలుసు" అన్నాను. తెలియదు.

గిన్నెలో జావ పోసి, రెండు చెంచాల పొడి వేసి, ఉండలు లేకుండా కలిపాను. బిస్మిల్లా అనుకుని ఒక చుక్క ఆ గులాబీ పొర మీద వదిలాను.

"రాగిజావ. బెల్లం సమంగా వేశా. ఇప్పుడు చెప్పు, ఎట్టా ఉంది?" అన్నాను.

పొర అట్లాగే ఉంది. డాక్టరమ్మ నా భుజం మీదుగా చూస్తోంది. చుక్క అంచు ముందు మసకబారింది. తర్వాత సన్నగా నీలం గీత పడింది. ఆ గీత లోపలికి పాకి, చుక్కంతా నీలమైంది. సోమవారం చూసిన నీలమే.

నాకు ఒళ్లు తెలియలేదు. "ఏం నేర్పావే దీనికి? నా చెయ్యంటే గిట్టకుండా నేర్పావు! నువ్వు పెడితే ఏదైనా తింటది. నేను పెడితే పంది అంటదా?"

ఆమె నా తిట్లు వినడం లేదు. డబ్బాను చూస్తోంది. "మౌలాబీ గారూ, ఉత్త జావ ఫ్లాస్కులో ఇంకా ఉందా?"

ఉంది. ఆమె దాంట్లోంచి చుక్క తీసి ఇంకో మూల వేసింది. రంగు మారలేదు. తర్వాత ఉత్త బలసిరిని వేడినీళ్లలో కలిపి వేసింది. ఈసారి ఆగను కూడా ఆగలేదు. వేసిన చోటల్లా నీలం.

"దీని మీద మన గుర్తు ఉంది" అంది, నమ్మలేనట్టు.

"ఉంది కాబట్టే కొన్నా."

ఆమె లేచి బీరువాలోంచి ఇంకో బలసిరి డబ్బా తెచ్చింది. కంపెనీవాళ్లు సీలు వేసి పంపిన నమూనా. అదే బొమ్మ, అదే పేరు, చేప జెలటిన్ అని అవే అక్షరాలు. దాని చుక్క వేస్తే పొర గులాబీగానే ఉంది. రెండు డబ్బాలూ బల్ల మీద పక్కపక్కన కవలపిల్లల్లాగా కూర్చున్నాయి.

అప్పుడు నాకు పెళ్లిచూపుల పిల్ల గుర్తొచ్చింది.

ఆమె దగ్గరున్న నాలుక కంపెనీ పంపిన మంచిదాన్ని చూసి గుర్తు వేసింది. ఆ గుర్తు చూసి నేను దుకాణంలో కొన్నాను. నాలుక లేని నోట్లో పోశాను. నాలుక ఉంటే చెంచా దగ్గరికి రాకముందే మొహం తిప్పుకునేవాడు. పదకొండు నెలలు, పూటపూటా, నా చేత్తో. తాగి, నన్ను చూసి తల ఊపేవాడు.

"పొర తప్పు చెప్పలేదండీ. మేం చూపించిందే అది చూసింది. మీరా గారు గురువారాలు బయట కొనుక్కొచ్చేవారు. ఆయన మంచం పట్టాక ఆ పని ఎవరికీ అప్పగించలేదు నేను. నాలుక ఇక్కడే ఉంది కదా అనుకున్నాను" అంది డాక్టరమ్మ.

"నాలుక ఇక్కడుంది సరే. కాళ్లు ఎక్కడున్నయ్ డాక్టరమ్మా? ఆ సంచి ఎక్కడుంది?"

తిట్టడానికి నా దగ్గర ఇంకేమీ మిగల్లేదు. ఆమె తెలిసి పెట్టింది, నేను తెలియక పెట్టాను. ఆమె ఆయన ఒప్పుదలతో పెట్టింది, నేను నవ్వించి పెట్టాను. ఇద్దరం ఆయనకు పందిని తినిపించినవాళ్లమే.

తెల్లగుడ్డ మళ్లీ సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

దారిలో మసీదు దగ్గర ఆగి, నమాజు చేయించే హజ్రత్‌ను అడిగాను. తెలియక జరిగినదానికి పాపం లేదమ్మా, ఆయనకూ లేదు, నీకూ లేదు అన్నాడు. పాపం సంగతి హజ్రత్ చెప్పగలడు. నా చెయ్యి సంగతి ఆయనకేం తెలుసు?

*

ఆ సంచి మా ఇంట్లోనే ఉంది, తలుపు వెనక మేకుకు. మర్నాడు దాన్ని దులిపి బస్సెక్కాను. తెనాలి, బాపట్ల, చీరాల, చిలకలూరిపేట, నరసరావుపేట, వినుకొండ. వారం రోజులు తిరిగాను. ముసలమ్మ బలానికి పొడి కొనుక్కుంటోంది అనుకున్నారు తప్ప ఎవరూ నన్ను రెండోసారి చూడలేదు. పదకొండు డబ్బాలు తెచ్చి బల్ల మీద పెట్టాను. తొమ్మిది నీలం వచ్చాయి.

కంపెనీ నుంచి ఒకాయన టై కట్టుకుని వచ్చాడు. "మీ పొర పాతబడిపోయింది డాక్టర్. ఈ అమ్మ గంజి గిన్నెలో ఏం ఉందో ఎవరికి తెలుసు?" అన్నాడు.

"నా గిన్నె వద్దులే నాయనా. ఇదిగో మూత తియ్యని డబ్బా, వినుకొండ బస్టాండులో కొన్నది. నువ్వే తియ్యి, నువ్వే కలుపు, నువ్వే వెయ్యి" అన్నాను.

వేశాడు. అతని చుక్క మిగతావాటికంటే తొందరగా నీలమైంది. అతను చెయ్యి తుడుచుకుని, ఫోను చూసుకుంటూ మెట్లు దిగిపోయాడు. ఆ వారంలోనే బలసిరి గుర్తు తీసేశామని డాక్టరమ్మ అన్ని మసీదులకూ, దుకాణాలకూ రాసి పంపింది. తప్పు తనదేనని కూడా రాసింది. ఆ మాట రాయకుండా ఉండొచ్చు. రాసింది.

కానీ మూడేళ్లలో గుర్తు వేసిన డబ్బాలు ఒక్క బలసిరే కాదు. అవన్నీ దుకాణాల్లో కొని మళ్లీ చూడాలి. చూడాలంటే నాలుక కావాలి.

నెలాఖరు రోజు ఖాసింబీ వదినె మళ్లీ వచ్చింది. "పూడ్చేస్తానన్నావుగా? గుడ్డ కూడా కొన్నావంట."

"కొన్నా. దాచా. పూడుస్తా."

"ఎప్పుడు?"

"ఆయన పని అయ్యాక."

"ఆయన పనా, నీ పనా?" అని నా మొహం వంక చూసి, "సరే పో, ఆ పిల్ల చేతిలో కంటే నీ చేతిలోనే నయం" అంది.

ల్యాబుకు పోయి కాగితం తీసుకున్నాను. ఏడు ఊళ్ల మాట ఉన్న చోట గీత కొట్టేశాను. "ఆయన్ని ముక్కలు చెయ్యొద్దు. ఏడు ఊళ్ల డబ్బాలు నేనే ఇక్కడికి మోసుకొస్తా. ఇంకో మాట. ఇకనుంచి ఆ పొరకు ఏది పెట్టినా నేనే పెట్టాలి" అన్నాను.

"రాతకోతలు నేను చూసుకుంటాను. అట్లాగేనండీ" అంది.

"పెసరకట్టు మానేసి కందికట్టు పెడదాం."

"కందితో పెరగదండీ. మీరా గారే అడిగితే ప్రయత్నించాం. నాలుగు రోజుల్లో వాడిపోయింది."

అది కూడా ఆయన ఈమెనే అడిగాడన్నమాట. "అయితే పెసలే. కానీ కట్టు నేను కాస్తా" అని సంతకం పెట్టాను.

*

మొదటి సోమవారం.

చేతులు కడుక్కుని, టోపీ పెట్టుకుని, పళ్లెం నేనే బయటికి తీశాను. పొర రాత్రి కంటే నిగనిగలాడుతోంది. ఎంతైనా కట్టు చిక్కగా కాచానులే అనుకున్నాను.

డాక్టరమ్మ ఎర్రమూత సీసా చేతిలో పట్టుకుని నిలబడింది. "మౌలాబీ గారూ, ఈ ఒక్కటీ నేను వేస్తాను. మీరు కాసేపు బయట కూర్చోండి. వారానికి ఒక్క చుక్కే కదా. మిగతావన్నీ మీరే" అంది. మాట మెత్తగానే ఉంది. నామీద దయతోనే అంది. కానీ సీసా మీద ఆమె వేళ్లు బిగుసుకుని ఉన్నాయి. ఆమెకు ఆ గదిలో మిగిలింది ఆ చుక్క ఒక్కటే.

ఇప్పటిదాకా ఆ సీసాను నేను ముట్టలేదు. నాకు బయటికి పోవాలనే ఉంది. కానీ బయటికి పోతే గాజుతలుపు అవతల నిలబడి ఏం చూస్తానో నాకు తెలుసు. ఆమె వంగడం చూస్తాను. "మీరా గారూ" అనడం వింటాను.

"ఇటివ్వండి" అన్నాను.

"ఇది పందండీ."

"తెలుసు. అప్పుడు తెలియక పెట్టా. ఇప్పుడు తెలిసి పెడతా. ఆయనకు పోయేది ఏదైనా నా చేతి మీదుగానే పోవాలి."

ఆమె కాసేపు ఇవ్వలేదు. తర్వాత ఇచ్చింది.

ఈసారి బిస్మిల్లా అనలేదు. అనకూడదు. చుక్క వదిలాను. నీలం పాకింది. మరిచిపోలేదు ఆయన. పళ్లెం అంచు పట్టుకుని మొహం తిప్పినట్టుగా పక్కకు తిప్పి, ఆయన తరఫున నేనే అన్నాను: "ఇది మనది కాదు." నీళ్లు తీసుకుని ఆ మూలను ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు కడిగాను.

తల ఎత్తేసరికి డాక్టరమ్మ గాజుతలుపు అవతలికి వెళ్లిపోయి ఉంది. ఖాళీ చేతులు తెల్లకోటు జేబుల్లో పెట్టి, మళ్లీ తీసి, పళ్లెం వైపే చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు. ఆ తలుపు అవతల నిలబడి, అదే పళ్లెం వైపు, నేనూ అట్లాగే చూశాను.

లోపలికి రండి అనొచ్చు. ఇద్దరు కూర్చోవడానికి చోటు కూడా ఉంది.

లేచి వెళ్లి తలుపు వేశాను. వచ్చి కూర్చుని, సంచిలోంచి చీరాల డబ్బా తీసి మూత విప్పుతూ, "ఇది నిన్న కొన్నా. చూడు" అన్నాను.